సుగ్గికి పోయినా ఆగని ఆట

మన తండాల్లో, గూడేల్లో నడక సరిగా రాని పిల్లలందరికీ ఒకటే పేరు పెట్టేశాం: పోలియో. కాలు ఈడ్చినా పోలియోనే, చెయ్యి వంకర తిరిగినా పోలియోనే, మాట ముద్దగా వచ్చినా పోలియోనే. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి పోలియో పోయిందని ధ్రువపత్రం ఇచ్చింది. కాబట్టి ఇప్పుడు మన బళ్లలో పేరున్న, బడికి రాలేకపోతున్న ఈ పిల్లలది పోలియో కాదు. వాళ్లలో చాలామందికి ఉన్నది సెరిబ్రల్ పాల్సీ. పేరు తప్పయితే పని కూడా తప్పుతుంది. అందుకే ముందు పేరుతో మొదలుపెడుతున్నాం.

మేము కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక సుగాలి తండాలో ప్రాథమిక పాఠశాల టీచర్లం. బడికి ఇద్దరమే, ఇద్దరం తండా బిడ్డలమే. టీచర్ ట్రైనింగ్ చేసిన రెండేళ్లలో ఈ పిల్లల గురించి ఒక్క పాఠం చదివాం, పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నకు జవాబు రాశాం. మిగతాదంతా మాకు నేర్పింది బడి ముందున్న ఎర్రమట్టి నేల, మా తండా పిల్లలు.

సెరిబ్రల్ పాల్సీ అంటే కాలి జబ్బు కాదు, చేతి జబ్బు కాదు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొద్ది కాలానికో మెదడులో కదలికలను నడిపించే భాగానికి దెబ్బ తగులుతుంది. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఊపిరి అందకపోవడం, పుట్టగానే వచ్చిన కామెర్లు బాగా ముదరడం, మెదడుకు సోకే జ్వరం, ఇలాంటివి కారణాలు. వెయ్యి కాన్పులకు ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఇది కనిపిస్తుంది. ఇది అంటుకోదు. గాలి సోకడం కాదు, ఎవరో చేసిన చేతబడి కాదు, తల్లి చేసిన పాపం అంతకన్నా కాదు. కొందరికి కండరాలు బిగుసుకుపోతాయి. కొందరికి చేతులు, ముఖం తమ ప్రమేయం లేకుండా మెలికలు తిరుగుతాయి. కొందరికి నిలకడ ఉండదు. చాలామందికి తెలివి నిక్షేపంగా ఉంటుంది, మాటే నోట్లోంచి బయటికి రాదు. మాట రాకపోతే తెలివి లేదనుకోవడం మనకు అలవాటు.

తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. ఎంత ఉందో అంతే ఉంటుంది. అయినా మూడేళ్లప్పుడు గోడ పట్టుకొని నడిచిన పిల్లవాడు పన్నెండేళ్లకు మంచం దిగలేకపోతాడు. ఎందుకు? పిల్లవాడు ఎదిగేటప్పుడు ఎముక పొడుగవుతుంది. కండరం కూడా దానితో పాటే సాగాలి. బిగుసుకుపోయి, పని లేకుండా ఉన్న కండరం ఎముకతో సమానంగా సాగదు. మడమ నేలకు ఆనదు, మోకాలు వంగిన చోటే నిలిచిపోతుంది, తుంటి పక్కకు జరుగుతుంది. దెబ్బ తగిలింది మెదడుకు. ఆ తర్వాత పిల్లవాడిని మంచాన పడేసేది మాత్రం చాలావరకు కదలకుండా గడిపిన ఏళ్లు.

వెనకటి రోజుల్లో డాక్టర్లలో కూడా ఒక భయం ఉండేది. బరువు పనులు, బలం పెంచే వ్యాయామాలు చేయిస్తే బిగువు ఇంకా పెరుగుతుందని. 1990ల నుంచి జరిగిన పరిశోధనల్లో ఆ భయం నిలవలేదు. ఈ పిల్లల కండరాలు బిగుతుగా ఉంటాయి కానీ బలహీనంగా ఉంటాయి. పని చెబితే బలం పుంజుకుంటాయి, బిగువు పెరగదు. ఇంకొక మాట కూడా తేలింది. ఒకరు కాలు పట్టుకొని సాగదీస్తే వచ్చే ఫలితం ఎక్కువ కాలం నిలవదు. పిల్లవాడు తనకు కావలసిన పనిని తానే పదేపదే చేస్తే వచ్చేదే నిలుస్తుంది. గ్లాసు అందుకోవడం, లేచి నిలబడడం, బంతి వేయడం, ఇలాంటి పనులు. ఈ మాట మా తండాకు ఎంత అవసరమో చెప్పాలంటే సుగ్గి గురించి చెప్పాలి.

పడమటి కర్నూలులో సుగ్గి అంటే తెలియని ఇల్లు లేదు. పత్తికొండ, ఆలూరు, ఆదోని, తుగ్గలి, దేవనకొండ, ఎక్కడ చూసినా వాన మీదే సేద్యం. వాన మొహం చాటేస్తే అప్పు మిగులుతుంది. దీపావళి దాటితే పత్తి తీతకు, సంక్రాంతి తర్వాత మిరప కోతకు గుంటూరు, పల్నాడు వైపు, తెలంగాణ వైపు తట్టా బుట్టా కట్టుకొని లారీలు, ఆటోలు ఎక్కుతారు. తండా సగం ఖాళీ. మా బడి హాజరు పట్టీ కూడా సగం ఖాళీ. మామూలు పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. మా తండాలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడిని అలాంటి ఒక హాస్టల్‌లో చేర్చబోతే, దొడ్డికి తీసుకుపోయే మనిషి లేరన్నారు. వాడిని తల్లి చంకనెత్తుకొని మిరప చేలకు పోయింది. అప్పటికి వాడికి ఎనిమిదేళ్లు.

పోయే ముందు వాడు మండల కేంద్రంలోని భవిత కేంద్రానికి వారానికొకసారి వచ్చేవాడు. అక్కడికి వచ్చే ఫిజియోథెరపిస్టు ఓపికమంతుడు. బొమ్మలు గీసిన ఒక కాగితం ఇచ్చి రోజూ ఏం చేయించాలో తల్లికి చెప్పాడు. మాకు ఒక కొలత నేర్పాడు. పిల్లవాడిని వెల్లకిలా పడుకోబెట్టి, కాలు చాపమని, మోకాలి కింద నేలకూ కాలికీ మధ్య ఎన్ని వేళ్లు దూరతాయో చూడాలి. సుగ్గికి పోయే ముందు రెండు వేళ్లు దూరేవి. నాలుగు నెలల తర్వాత ఉగాదికి తిరిగొచ్చినప్పుడు నాలుగు వేళ్లు దూరాయి. ఆ నాలుగు నెలలూ వాడు మిరప కల్లం పక్కన చెట్టు కింద పరుపు మూట మీద కూర్చున్నాడు. బొమ్మల కాగితం సంచిలో మడత కూడా విప్పలేదు. తల్లిని తప్పు పట్టేదెవరు? తెల్లారకముందే చేనికి పోయి, పొద్దుగూకాక వచ్చి, పొయ్యి ముట్టించే మనిషి వ్యాయామం ఎప్పుడు చేయించాలి?

అప్పుడే మేము ఒక సంగతి ఆలోచించాం. భవిత కేంద్రం సుగ్గికి రాదు. ఫిజియోథెరపిస్టు రాడు. కాగితం వచ్చినా పని చేయదు. సుగ్గికి కూడా వాడితో వచ్చేది ఎవరు? అక్క, చిన్నాయన పిల్లలు, మేనమామ కొడుకులు. పిల్లలు ఎక్కడ ఉంటే అక్కడ ఆట ఉంటుంది. మిరప కల్లంలోనూ గోలీలాడతారు. ఆటలో వాడికి చోటు దొరికితే, వాడి వ్యాయామం కూడా వాడితో పాటే పోతుంది.

అలా మేము వెతికిన ఆట పేరు బోచ్చా. తీవ్రంగా సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ల కోసమే పెరిగిన ఆట ఇది. 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. ఒలింపిక్స్‌లో దీనికి జోడీ ఆట లేదు. గోలీలాట తెలిసిన వాళ్లకు బోచ్చా చెప్పడం సులువు. ఒక తెల్ల బంతి ఉంటుంది. ముందు దాన్ని నేల మీద దూరంగా వేస్తారు. ఒక పక్షానికి ఆరు ఎర్ర బంతులు, ఇంకో పక్షానికి ఆరు నీలం బంతులు. ఎవరి బంతి తెల్ల బంతికి దగ్గరగా ఉంటే వాళ్లదే పైచేయి. తెల్ల బంతికి దూరంగా ఉన్న పక్షం తర్వాతి బంతి వేయాలి. పన్నెండు బంతులూ అయిపోయాక లెక్క చూస్తారు. ఎదుటివాడి దగ్గరి బంతి కన్నా నీ బంతులు ఎన్ని దగ్గరగా ఉంటే నీకు అన్ని పాయింట్లు. ఒంటరి పోటీలో అలా నాలుగు విడతలు. ఎదుటివాడి బంతిని కొట్టి తరమొచ్చు, తెల్ల బంతినే కొట్టి తనవైపు జరుపుకోవచ్చు. కూర్చొనే ఆడాలి. చేత్తో విసరొచ్చు, దొర్లించొచ్చు, కాలితో తన్నొచ్చు. చేతులు, కాళ్లు రెండూ మాట వినని వాళ్లకు వాలుగా పెట్టిన ఒక తొట్టి లాంటి దారి ఉంటుంది. దాని మీద బంతి పెట్టి వదిలితే దొర్లుకుంటూ పోతుంది. సాయం చేసే మనిషి ఆట నేల వైపు వీపు పెట్టి కూర్చోవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. దారిని ఎటు తిప్పాలో, ఎంత ఎత్తుగా పెట్టాలో ఆటగాడే చెప్పాలి. ఈ నియమం మాకు ఎంతో నచ్చింది. సాయం చేసేవాడు బుర్ర కూడా అరువివ్వకూడదన్న మాట.

అసలు బోచ్చా బంతులు తోలుతో చేస్తారు, ఒక్కోటి సుమారు 275 గ్రాములు. వాటిని కొనే డబ్బు మా బడికి లేదు. మా తండా ఆడవాళ్లు కుట్టారు. పాత పేటియా గుడ్డల్లో ఎరుపు, బడి పిల్లల చిరిగిన నిక్కర్లలో నీలం, ఒక తాత పాత పంచెలో తెలుపు. లోపల ఇసుక, కాస్త జొన్న పొట్టు. చౌక దుకాణం తూకం మీద పెట్టి ఒక్కొక్కటీ 275 గ్రాములకు సరిచేశాం. అసలు కోర్టు పొడవు 12.5 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, అంటే మన లెక్కలో 41 అడుగులు, 20 అడుగులకు కొంచెం తక్కువ. బడి ముందు నేల చదును చేసి, పల్లేరు కాయలు ఏరి, సున్నంతో గీతలు గీశాం. డ్రిప్పు వేసిన ఒక రైతు దగ్గర పనికిరాని పీవీసీ పైపు తెచ్చి నిలువునా కోస్తే వాలుదారి అయింది. మొత్తానికి ఖర్చయింది సూది, దారం, సున్నం.

అందరూ ఒప్పుకోలేదు. ఆ పిల్లవాడి అవ్వ బడికొచ్చి మా ముందు కూలబడింది. "వాని కాళ్లు ముందే ఎండు పుల్లలు. మీరు ఆటలాడిపిచ్చి ఇరగ్గొడితే మేము యాడికి పోవల్ల నాయనా? వాన్ని ఒక పక్కన కూకోనీండి, సాలు" అంది. ఆమె భయంలో అర్థం ఉంది. వాడి కోసం వాళ్లు రెండు మేకలు, ఒక జత కడియాలు అమ్మారు. మొక్కులు మొక్కారు, నూనెలు రాశారు, కట్లు కట్టించారు. నయమవుతుందని చెప్పినవాళ్లందరికీ డబ్బు ఇచ్చారు. మేము ఆమెతో నయం మాట ఎత్తలేదు. "అవ్వా, వీడు పరిగెత్తుతాడని మేము చెప్పం. వీడు ఆడతాడు, అంతే చెప్తాం. నువ్వు ఇక్కడే కూర్చొని చూడు" అన్నాం. ఆమె మూడు రోజులు వచ్చి కూర్చుంది. నాలుగో రోజు తమలపాకు నములుకుంటూ వేరే పిల్లలతో కొలత దగ్గర తగువు పెట్టుకుంది, వాడిదే దగ్గర బంతి అని.

మొదట్లో మిగతా పిల్లలు వాడికి తేలిగ్గా వదిలేసేవారు. కావాలనే తప్పుగా వేసి వాడిని గెలిపించేవారు. నాలుగైదు ఆటలు అలా గెలిచాక ఒకరోజు వాడు చేతిలో బంతిని పక్కకు విసిరికొట్టాడు. మాట ముద్దముద్దగా వస్తుంది, మాకు సగమే అర్థమయ్యేది, వాడి అక్క చెప్పింది: "ఇడిసిపెట్టి ఆడొద్దంట సార్. ఆడితే సక్కంగా ఆడల్లంట, ల్యాకుంటే పొమ్మంటాండాడు." ఆ తర్వాత అందరూ సరిగ్గా ఆడారు. వాడు వరసగా తొమ్మిది ఆటలు ఓడిపోయాడు. పదో ఆటలో ఎదుటివాడి బంతిని తరిమేసి గెలిచాడు. జాలికీ ఆటకూ తేడా మా బడికి ఆ రోజు తెలిసింది. ఓడిపోయే హక్కు లేని వాడికి గెలుపు కూడా ఉండదు.

ఒక్కో ఆటలో వాడి ఒంటికి దొరికిన పని చూడండి. బంతి అందుకోవడానికి నడుము వంచాలి, వేయడానికి నడుము నిలపాలి. పిడికిలి మూయడం వాడికి సులువు, సరైన క్షణంలో తెరవడమే కష్టం. బంతి వేసిన ప్రతిసారీ ఆ తెరవడాన్నే నేర్చుకుంటాడు. ఆటకు ముందు, తర్వాత బంతులు ఏరే పని కూడా వాడికి ఇచ్చాం. దానికోసం మా ఊరి వడ్రంగి పసిపిల్లల నడకబండిని పెద్దది చేసి ఇచ్చాడు. మూడు చక్రాల మీద బరువు ఆనించి, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోతాడు. ఆ తర్వాత తెలిసింది, ఇలాంటి ఆలోచనతోనే డెన్మార్క్‌లో సీటు, ఛాతీకి ఆనే దిండు ఉన్న మూడు చక్రాల పరుగు బండి తయారైందని. పెడళ్లు ఉండవు, కాళ్లతో పరుగెత్తడమే. ఫ్రేమ్ రన్నింగ్ అంటారు. 2019లో దుబాయ్‌లో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో దానికీ చోటు దొరికింది.

మరుసటి ఏడు సుగ్గికి పోయేటప్పుడు తల్లి మూటలో పదమూడు బంతులు కూడా పోయాయి. మిరప కల్లంలో పిల్లలు పొద్దున్నా సాయంత్రమూ ఆడారని, వేరే ఊళ్ల నుంచి వచ్చిన కూలీల పిల్లలు కూడా చేరారని, ఒక బంతిని కుక్క ఎత్తుకుపోయిందని ఉగాదికి వచ్చి చెప్పారు. మళ్లీ వేళ్లు పెట్టి కొలిచాం. పోయేటప్పుడు మూడు, వచ్చినప్పుడు మూడు. అదంతా ఆటవల్లేనని మేము చెప్పం. ఆ ఏడు వాడికి రాత్రిపూట కాలికి వేసే కొత్త పట్టీలు కూడా వచ్చాయి. కానీ నాలుగు నెలల్లో బిగువు పెరగలేదు. మాకు అదే పెద్ద పంట.

కడప వైపు కథ వేరు. రాయచోటి పక్క తండాల నుంచి గుంటూరుకు కాదు, కువైట్‌కు పోతారు. అక్కడ పనిచేసే మా తోటి టీచరమ్మ చెప్పిన సంగతి ఇది. పదిహేనేళ్ల ఆడపిల్ల, సెరిబ్రల్ పాల్సీ. తల్లి కువైట్‌లో ఇంటి పనికి పోయి డబ్బు పంపిస్తుంది. పిల్లను అవ్వ చూసుకుంటుంది. పిల్ల చిన్నప్పుడు అవ్వ ఎత్తుకొని దొడ్డికి తీసుకుపోయేది. ఇప్పుడు పిల్ల బరువు నలభై కిలోలు, అవ్వ వయసు అరవై దాటింది. పిల్ల పెద్దమనిషి అయ్యాక పరాయివాళ్లు ముట్టుకోవడం కుదరదు. అవ్వ నడుము పోయిన రోజు ఆ పిల్ల గతి ఏమిటి?

టీచరమ్మ ఆ పిల్లకు నడక నేర్పాలనుకోలేదు. పది సెకన్లు నిలబడడం నేర్పాలనుకుంది. మంచం మీది నుంచి కుర్చీలోకి మారడానికి పది సెకన్లు చాలు. గోడకు నడుము ఎత్తులో ఒక ఇనుప కడ్డీ వేయించింది. మంచం ఎత్తు పెంచడానికి కోళ్ల కింద ఇటుకలు పెట్టింది. ఎత్తు మీద నుంచి లేవడం తేలిక, బలం వచ్చే కొద్దీ ఇటుకలు ఒక్కొక్కటీ తీసేసింది. రోజు మార్చి రోజు, లేచి కూర్చోవడం ఐదుసార్లు, తర్వాత ఎనిమిది, తర్వాత పది. అది కూడా ఆటే అయింది. అవ్వ అంకెలు లెక్కపెడితే, పిల్ల ఫోన్లో తల్లికి చూపించేది. కువైట్‌లో తల్లి వంటింట్లో నిలబడి లెక్కపెట్టేది. ఏడు నెలలు పట్టింది. ఇప్పుడు అవ్వ పిల్లను ఎత్తదు, పట్టుకుంటుంది. ఎత్తడానికీ పట్టుకోవడానికీ మధ్య ఒక ఆడపిల్ల మర్యాద ఉంది, ఒక ముసలామె నడుము ఉంది.

ఇదంతా మారుమూల తండాల్లో చేసుకునే సర్దుబాటు అనుకోకండి. లోకం కూడా ఈ దారిలోనే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో వెన్నుపూస దెబ్బతిన్న సైనికుల కోసం లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు 1948లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో పోటీలు పెట్టాడు. మంచం మీద చావు కోసం చూసే మనుషులు విలువిద్యతో మళ్లీ మనుషులయ్యారు. 1960లో రోములో మొదటి పారాలింపిక్స్ జరిగింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు మాత్రం ఆ వాకిలి తెరుచుకోవడానికి ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది. 1980లో నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్‌లో వాళ్లు మొదటిసారి దిగారు. వికలాంగుల్లో కూడా వెనక నిలబడిన వాళ్లుంటారు. ఆ సంగతి మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

2024లో పారిస్ పారాలింపిక్స్‌లో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా అమ్మాయి ప్రీతి పాల్ 100 మీటర్లు 14.21 సెకన్లలో, 200 మీటర్లు 30.01 సెకన్లలో పరిగెత్తి రెండు కాంస్య పతకాలు తెచ్చింది. పారాలింపిక్స్ పరుగు పందేల్లో మన దేశానికి వచ్చిన మొదటి పతకం ఆమెదే. ఆమెకున్నది సెరిబ్రల్ పాల్సీయే. అదే పోటీల్లో వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన మన తెలుగుపిల్ల దీప్తి జీవాంజి 400 మీటర్లలో కాంస్యం గెలిచింది. ఆమెది వేరే వైకల్యం, బుద్ధి వికాసానికి సంబంధించినది. ఊళ్లో ఆమెను వెక్కిరించిన వాళ్లు ఎందరో, ఇప్పుడు ఆమె పేరు చెప్పుకొని గర్వపడేవాళ్లూ అంతమందే. పక్కనే అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం కేంద్రాలు నడిపింది, వికలాంగ పిల్లలను ఆటల్లోకి దించింది. రాయలసీమ ఎండలో, రాయలసీమ మట్టిలో ఈ పని సాధ్యమేనని చూడాలంటే అంత దూరం పోతే చాలు.

మన పిల్లలందరూ పారిస్ పోరు. ఆ మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. మామూలు పిల్లలకు కబడ్డీ నేర్పేటప్పుడు, వీడు దేశానికి ఆడతాడా అని మనం అడగం కదా. ఆడితే ఒళ్లు బాగుంటుంది, మనసు బాగుంటుంది, నలుగురిలో కలుస్తాడని నేర్పుతాం. ఈ పిల్లలకు కూడా అదే లెక్క.

తోటి టీచర్లకు కొన్ని పనికొచ్చే మాటలు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల వికలాంగ పిల్లలకు కూడా సగటున రోజుకు 60 నిమిషాల కదలిక ఉండాలి. మిగతా పిల్లలకు చెప్పిన లెక్కే ఇది. ఒకేసారి గంట అక్కర్లేదు. ఏమీ లేని చోట పది నిమిషాలు కూడా లాభమే. బలం పెంచే పని వారానికి రెండు నుంచి నాలుగు సార్లు, మధ్యలో ఒక రోజు విడుపు ఇచ్చి. ఒకే చోట గంటలకొద్దీ కూర్చోబెట్టకుండా మధ్యమధ్య కదిలించాలి. నడవడానికి ఈ పిల్లలు మిగతావాళ్ల కన్నా చాలా ఎక్కువ శక్తి ఖర్చు పెడతారు. కాబట్టి త్వరగా అలసిపోతే బద్ధకం అనుకోకూడదు. మన ఎండల్లో ఆట పొద్దున తొమ్మిది లోపల, లేకుంటే సాయంత్రం నీడ పడ్డాక. నీళ్లు దగ్గర పెట్టాలి. మింగడం కష్టమైన పిల్లలకు నీళ్లు కొద్దికొద్దిగా, తల నిటారుగా ఉంచి పట్టాలి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. కాలు, చెయ్యి బలవంతంగా సాగదీయకూడదు. తుంటి దగ్గర నొప్పి అని ఏడిస్తే, గుడ్డ మార్చేటప్పుడు తొడలు విడదీస్తే అరిస్తే, ఆట ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. ఈ పిల్లల్లో చాలామందికి ఫిట్స్ ఉంటాయి. మందులు వేళకు వేస్తున్నారా అని ఇంట్లో అడగాలి, ఒంటరిగా నీళ్లలోకి దించకూడదు. కొత్తగా ఏదైనా మొదలుపెట్టే ముందు భవిత కేంద్రంలోనో, జిల్లా ఆస్పత్రిలోనో ఫిజియోథెరపిస్టుకు పిల్లవాడిని ఒకసారి చూపించాలి. ఆట వైద్యానికి బదులు కాదు. వైద్యం అందని రోజుల్లో కూడా ఆగకుండా నడిచేది ఆట.

చట్టం కూడా మన వైపే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సెరిబ్రల్ పాల్సీ పేరు పెట్టి ఉంది. 30వ సెక్షన్ ఆటల్లో వాళ్లకు చోటు కల్పించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. చదువుకున్న మన యువకులు తండాలో ఒక్కో ఇంటికీ పోయి ఎవరికి సర్టిఫికెట్ ఉంది, ఎవరికి లేదు అని రాసుకుంటే సగం పని అయినట్టే. ఆస్పత్రి శిబిరానికి తీసుకుపోవడానికి ఒక బండి, ఒక రోజు కూలి పోగొట్టుకునే మనిషి కావాలి. ఆ మనిషి మీరే కావచ్చు.

ఏటా డిసెంబరు 3న వికలాంగుల దినం జరుపుతారు. మండలంలో ఆటలు పెడతారు, ఫొటోలు తీస్తారు, స్టీలు గిన్నెలు ఇస్తారు. డిసెంబరు 3 నాటికి మా పిల్లలు పత్తి చేలలో ఉంటారు. అందుకే ఏడాదికొక్క రోజు ఆట మా తండాకు పనికిరాదు. మా పిల్లలకు కావలసింది రోజూ ఆడే ఆట, మూటలో కట్టుకొని పోగలిగే ఆట, అక్కాతమ్ముళ్లు నేర్చుకొని ఎక్కడైనా ఆడించగలిగే ఆట.

రేపు బడిలో ఆటల గంట కొట్టాక పిల్లలందరూ బయటికి ఉరుకుతారు. అప్పుడు ఒకసారి వరండా వైపు చూడండి. పుస్తకాల సంచులకు కాపలాగా ఎవరు మిగిలారో కనిపిస్తుంది. ఆ పిల్ల దగ్గరికి పోయి, ఎర్ర బంతులు కావాలా, నీలం బంతులు కావాలా అని అడగండి. జవాబు రావడానికి కొంత సేపు పడుతుంది. నిలబడి వినండి.